ఏటిమొగల పునరుద్ధరణము: జాలవృత్తి చరిత్రలో నొక ప్రకరణము

సముద్రమునకు నూఱుమైళ్ళకు పైబడిన దూరమున, మెట్టభూముల నడుమ, హైదరాబాదు విజయవాడల రహదారిమీద నున్న కట్టంగూరున గూడిన మనకు ఏటిమొగలను గూర్చిన వ్యాస మేల యని పాఠకులు కొందఱు శంకింపవచ్చును. చెఱువుల కౌళ్లు, చేపపిల్లల పంపకము, సహకార సంఘముల లెక్కలు మొదలగు మనయింటి సంగతులే పెక్కులుండగా పోటుపాటుల ముచ్చట మన కేల? ఈ శంక న్యాయమైనదే. దీనికి నా సమాధాన మొక్కటి గలదు. కట్టంగూరు చెఱువు అలుగు దాటిన నీరు ఏ వాగున బడినను తుదకు కృష్ణను జేరవలసినదే. మన జిల్లా మూసీ వాడపల్లికడ కృష్ణలో గలియుచున్నది. ఆ కృష్ణ హంసలదీవికడ సముద్రమున గలియుచున్నది. ఆ నీటి మొదట వల విసరువాడు మనవాడు. తుదను వల విసరువాడును మనవాడే. ఇక్కడ బెస్త యనియు గంగపుత్రుడనియు ముదిరాజనియు, అక్కడ పల్లెవాడనియు జాలరియనియు వాడబలిజయనియు అగ్నికులక్షత్రియుడనియు పేళ్ళు వేఱుగాని నీరొక్కటే. మొదటివాడు కట్టిన కట్ట తుదివాని వలను ఖాళీచేసిన వృత్తాంత మొకటి మన చరిత్రలో నున్నది. దానిని చెప్పుకొనుటకు మనసభకంటె తగినచోటు వేఱొకటి నాకు దోపలేదు.

మెట్టవారికి మొదట మొగ యన నేమో చెప్పవలసియున్నది. మంచినీరును ఉప్పునీరును కలిసి మెలగు నదీముఖమునే తీరవాసులు ఏటిమొగ యందురు. దినమునకు రెండుసార్లు సముద్రము పొంగి మొగలోనికి వచ్చును, అది పోటు. రెండుసార్లు వెనుకకు దీయును, అది పాటు. అమావాస్యకును పున్నమకును పోటు పెద్దది, అష్టమినాటికి చిన్నది. మన చెఱువు ఏడాదికొక్కమాఱు నిండి యొక్కమాఱు తగ్గును. మొగ దినదినమును నిండి దినదినమును తగ్గుచుండును. ఈ రాకపోకలలో నది తెచ్చిన ఒండ్రు నిలిచి బురదగడ్డలగును. ఆ బురదలో మఱే చెట్టును బ్రదుకజాలని యుప్పుననే మడచెట్లు మొలచును. మడచెట్టు ఆకులగుండ నుప్పును వెలిగ్రక్కును; ఊపిరాడని బురదనుండి శ్వాసవేళ్లను మేకులవలె పైకి నిలుపుకొనును. ఆ వేళ్ల సందులలో రొయ్యపిల్లయు మండపీతయు పెద్దచేపల నోటికందక పెరుగును. పండుగప్ప యను మేలుజాతి చేప సముద్రపు టుప్పున గ్రుడ్లుపెట్టి, పిల్లదశలో మొగలగుండ మంచినీటికి వచ్చి పెరిగి, మఱల నుప్పునకు బోవును. పాటుపడి బురద బయల్పడినంతనే వేలకొలది ఉల్లంకిపిట్టలు దిగి పురుగును నత్తను ఏరుకొనును. పోటు వచ్చినంతనే లేచి గట్లు చేరును. వాని భోజనపువేళలు సూర్యునిబట్టి గాక చంద్రునిబట్టి నడచును.

ఆ పిట్టలలో పెక్కు మన దేశపువి కావు. ఉత్తరాసియాలోని మంచు కరగు మైదానముల బొదిగి, శీతకాలమునకు మధ్య ఆసియా ఆకాశమార్గమున మన తీరమునకు దిగునవి. అదే కాలమున, తలపై రెండు నల్లనిపట్టెలుగల పెద్దబాతులు టిబెట్టు మంగోలియాలనుండి హిమాలయముల మీదుగా వచ్చి తెలంగాణపు చెఱువులలోను వ్రాలును. కార్తికము దాటిన పిమ్మట మన చెఱువుకట్టపై నిలువబడి వానిని జూచినవారు మనలో ననేకులుందురు. మెట్టచెఱువునకును కడలిమొగకును ఈ పక్షులే మొదటి చుట్టరికము. కృష్ణ సముద్రమున గలియుచోటికి హంసలదీవి యని పేరుండుటయు గమనింపదగినది. పాపభారమున కాకిరూపము దాల్చిన గంగ యచ్చట మునిగి హంసయై తేలినదని స్థలపురాణము చెప్పును. పురాణమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. ఆ మొగకు తెల్లని పక్షులు తండోపతండములుగా వచ్చుట చూచినవారే ఆ కథను కట్టియుందురని మాత్రము నా తలంపు.

పక్షికంటె మనవృత్తికి దగ్గఱైనది చేప. ఇందు ముందుగా చెప్పవలసినది పులస. సముద్రములో నుండగా దీనిని విలస యనియు ఇలస యనియు వ్యవహరింతురు. ఆషాఢ శ్రావణములలో గోదావరికి ఎఱ్ఱనీరు దిగి మొగ దాటి సముద్రమును దాకినపుడు, ఆ మంచినీటి జాడబట్టి ఈచేప నదిలో దూఱి వఱదకెదురుగా నీదుచు మీదికి బోయి గ్రుడ్లుపెట్టును. ఎదురీదుకొలదిని దానియొడలి యుప్పు విరిగి క్రొవ్వునకు రుచి వచ్చునట, అప్పుడది పులస. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతను తీరాంధ్రమున వినని యిల్లు లేదు. వంగదేశపు ఇలిష్ ఇదియే. గ్రుడ్లు పొదిగినపిదప పిల్లలు వఱదతో క్రిందికి దిగి, మొగలలో కొంతకాలము మేసి, గట్టిపడి సముద్రమును జేరును. ఉత్తరపసిఫిక్కు తీరమున సాల్మను చేప యెట్లో మనతీరమున పులస యట్లు. భేదమొక్కటి. పసిఫిక్కు సాల్మను గ్రుడ్లుపెట్టి యచ్చటనే చచ్చును. పులస మఱల సముద్రమునకు బోగలదు, పోనిచ్చినయెడల.

పోనిచ్చుటయే చరిత్రలో తెగిపోయినది. ఆర్థరు కాటను దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు టానకట్ట గోదావరి డెల్టాను కఱవునుండి తప్పించినది. ఆతని పేర నేటికిని ఆ జిల్లాలలో పిండము పెట్టువారున్నారు. ఆ పుణ్యమును కాదనుట నా యుద్దేశము కాదు. కాని ఆ కట్టతో పులస దారి తెగినది. మునుపు కట్టకు మీదిభాగమున నేటివెంట నుండిన జాలరులకు అందుచుండిన చేప అటుపిమ్మట కట్టక్రిందనే గుమికూడ జొచ్చినది. పాతకట్టకు మాఱుగా 1970 మొదలు 1982 వఱకు కట్టిన క్రొత్త బ్యారేజియు పులసకు దారి తెఱవలేదు. గంగమీదను ఇట్లే జరిగినది. పూర్వము ప్రయాగ దాటి యాగ్రా వఱకు నీదిన యిలిష్, 1975లో ఫరక్కా బ్యారేజి నడుచుట మొదలిడిన పిమ్మట మీదిదేశమున కన్నులకు కనబడుటయే యరుదైనది.

ఇప్పుడు కృష్ణకు వత్తము. ఇక్కడి కథ మన గుమ్మములోనిది కనుక కొంచెము నిలిచి చెప్పవలెను. విజయవాడకడ 1855లో తొలి యానకట్ట ముగిసెను. అది 1952లో గండిపడగా 1957 నాటికి ప్రకాశం బ్యారేజి యేర్పడెను. 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూ పండితుడు మన జిల్లా యెల్లలో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. మిర్యాలగూడ, హుజూర్‌నగరు పొలములు వరికి వచ్చినది ఆ నీటితోడనే. మీదను శ్రీశైలము, జూరాల, నారాయణపురము, ఆలమట్టి. క్రిందను 2013లో పులిచింతల. బచావతుగారి న్యాయస్థానము 1973లో నివేదించి 1976లో స్థిరపఱచిన పంపకములో మొత్తము 2060 టి. యం. సి. లకుగాను మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 వచ్చినవి. ఈ మూడంకెలను కూడిన 2060 సరిపోవును, మిగులు లేదు. మొగకును మడకును చేపకును పేరుపెట్టి యిచ్చిన భాగము అందు లేదు. ఆ న్యాయాధిపతులను నిందింపను. వారి యెదుటకు వచ్చి నిలిచినవారందఱును పొలముల వారు, పట్టణముల వారు, విద్యుచ్ఛక్తివారు. వలవాని పక్షమున వాదించిన వకీలు లేడు. ఫలితమేమనగా, 1960కి పూర్వము సగటున ఏడాదికి యేబది ఘన కిలోమీటరులకు పైగా సముద్రమును జేరుచుండిన కృష్ణ, 2004నాటి కఱవులలో దాదాపు చేరనేలేదు. నీటితోపాటు ఒండ్రును కట్టలవెనుకనే చిక్కెను. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగోళశాస్త్రజ్ఞులు డెల్టా తీరములను కొలిచి, నది మన్ను తెచ్చుట తగ్గినందున సముద్రము నేలను కోసికొని పోవుచున్నదని చూపిరి.

ఇచ్చట మన జిల్లావాడు మాటాడవలసియున్నది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతములలో భూగర్భజలమందలి ఫ్లోరైడుచే నడుములు వంగి, కాళ్లు దొడ్డిపోయి, చిన్ననాటనే పండ్లు పచ్చబడిన తరముల వారిని మనమందఱము ఎఱుగుదుము. వారికి కృష్ణనీరు మందు. అట్టి జిల్లా ప్రజ సముద్రమునకు నీరు వదలుడనుట ఎట్లు? ఈ ప్రశ్నకు మెత్తని సమాధానము లేదు. త్రాగునీటిని ముట్టవలదనుటలో వివాదము లేదు. త్రాగుటకు కావలసిన పాలు నదిలో మిగుల చిన్నది. అసలు పేచీ పొలముల నీటిది, అందును రెండవ పంటకును మూడవ పంటకును వాడు నీటిది. మెట్టజాలరి యొక్కడు, మా చెఱువు నిండనిది మీ మొగ నిండుట యెట్లన్నా యని యడిగినచో తీరపువాడు తలవంచుకొనునేగాని మాఱుమాట చెప్పజాలడు. కాని తీరపువాడును 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెనలో పదివేలకు మించిన ప్రాణములు పోయిన నేలవాడు. ఆ యుప్పెనను చెట్టేమియు పూర్తిగా నాపజాలదు. మడ దట్టముగానున్నచోట అలవేగము తగ్గునని మాత్రము శాస్త్రజ్ఞులును ముసలివారును ఒక్కమాటగా చెప్పుదురు. మంచినీరు చాలని మొగలో ఉప్పు పెచ్చుపెరిగి లేతమడ యెదుగదు. ఇరువురి కడుపుకోతయు నిజమే.

పునరుద్ధరణము ఎచ్చటనైన జరిగినదాయని చూడబోయిన, మన తెలుగునేలలో మొదట కనబడునది గోదావరిమొగలోని కోరింగ. ధవళేశ్వరము క్రింద గోదావరి గౌతమియు వసిష్ఠయునై చీలును. గౌతమినుండి కోరింగయేఱు, గాడేరు మొదలగు పాయలు విడిపోయి కాకినాడ యఖాతమున బడును. ఈ కోరింగ యొకకాలమున ఓడలు కట్టు రేవు. బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువారిని రంగూనువారు కోరంగీలని పిలుచుట యీ రేవు పేరుబట్టియే. 1789, 1839 సంవత్సరముల గాలివానలు రేవును ముంచెను. నది తెచ్చిన ఒండ్రు మిగిలినదానిని పూడ్చెను. ఓడలుపోయిన నేలలో అడవి మిగిలెను. 1978లో 235 చదరపు కిలోమీటరులకు పైబడిన ప్రాంతమును అభయారణ్యముగ ప్రకటించిరి. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలగు చెట్లును, బావురుపిల్లియు, నీటికుక్కయు నచ్చటి నివాసులు. తూర్పున హోపుదీవి యను ఇసుకతిన్నె సముద్రపు టలలకు అడ్డుపడి, లోపల బురదను నిశ్చలముగా నుంచును; అదియే పక్షులకు అన్నపుపళ్లెము.

అభయారణ్యమని పేరు పెట్టినంతమాత్రమున అడవి పెరుగలేదు. వంటచెఱకునకును కంచెలకును నఱకిరి, పశువులు మేసెను, 1990కి పిమ్మట రొయ్యలచెఱువుల జ్వరము పట్టి తీరమంతయు త్రవ్విరి. సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 11వ తేదీని తీరమండలములోని యట్టి చెఱువులను తొలగింపుమని తీర్పు చెప్పవలసివచ్చెను. నఱకుడు మానినచోటను మడ తిరిగి మొలవకపోవుట చూచి జనులాశ్చర్యపడిరి. కారణమును తమిళనాటి పిచ్చావరపు మడయడవిలో మదరాసునందలి స్వామినాథన్ పరిశోధన సంస్థవారు కనుగొనిరి. అది మన చెఱువుపని తెలిసినవారికి చప్పున నర్థమగును. చెట్లు కొట్టివేసినచోట ఎండ సూటిగా తగిలి బురదలోని తడి యింకి నేల క్రుంగును. నడుమ పళ్లెమువలె పల్లమేర్పడును. పెద్దపోటునాడు ఆ పల్లములోనికి వచ్చిన యుప్పునీరు పాటుతో వెడలుటకు దారిలేక నిలిచి యెండును. ఎండినకొలది ఉప్పు మిగులును. కొన్నియేండ్లకు ఆ నేల తెల్లని చౌడగును. అందు మడవిత్తనమును చచ్చును. అనగా చెట్టునకు కావలసినది మొక్క నాటుట కాదు; నీటికి రాకపోకల దారి.

అందుచే వారు కాలువలు త్రవ్విరి. ఉప్పుటేటినుండి చౌడులోనికి ఒక పెద్దకాలువ. దానికిరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు. మీదినుండి చూచిన నది చేపముల్లువలె నుండును. ఆ పేరే దానికి నిలిచినది. మన వృత్తికి తగినపేరు. కాలువ అంచులు విఱిగిపడకుండ మీద వెడల్పును అడుగున నిరుకును ఉంచుదురు. పోటు పిల్లకాలువలగుండ చౌడంతయు తడిపి, పాటుతో నుప్పును కడిగికొని పోవును. ఉప్పు తగ్గినపిమ్మట కాలువగట్ల వెంట తెల్లమడ మొక్కలు నాటుదురు. కాలువలు పూడిపోవును గనుక అప్పుడప్పుడు పూడిక తీయవలెను. ఇది మఱచినచోట్ల నాటిన మొక్కలు మఱల నెండిపోవును. 1996 మొదలు 2003 వఱకు ఆ సంస్థయు అటవీశాఖయు కలిసి, కెనడా ప్రభుత్వపు సహాయముతో, గోదావరి కృష్ణల మొగలలో నీపని నడపిరి. 2011 తరువాత ఐక్యరాజ్యసమితి యభివృద్ధిసంస్థ తోడ్పాటుతో గోదావరిమొగకు వేఱొక ప్రణాళిక నడచెను.

ఇందు నా దృష్టికి ముఖ్యముగా దోచినది కాలువల కొలతలు కావు. ఆ కాలువలను త్రవ్వి కాచినది మొగయొడ్డున నున్న జాలరి పల్లెల సంఘములు. ఎచ్చట పోటెక్కునో, ఎచ్చట ఉప్పు నిలుచునో, ఏ పాయ పదియేండ్ల క్రింద ఎటు పాఱినదో చెప్పగలవాడు పడవవాడే. గ్రామమున ఆడువారును సంఘమున సభ్యులగుట, వంటచెఱకునకు ఎంత, ఎక్కడ, ఎప్పుడు కొట్టవచ్చునో వారే కట్టడి చేసికొనుట, ఇవియన్నియు జరిగిన పల్లెలలో మడ నిలిచినది. ఎవరి బ్రదుకు ఆ నీటిమీద నున్నదో వారి చేతికి పని వచ్చినపుడు ఫలించినదని నేను చెప్పుదును. మిగిలిన వివరములు ఇంజనీరులకు వదలుదును.

ఇందుకు విరుద్ధముగా నడచినదానిని కొల్లేట చూడవచ్చును. కొల్లేరు మంచినీటి సరస్సేయైనను ఉప్పుటేటిగుండ సముద్రముతో సంబంధము గలది. గూడబాతులకును ఎఱ్ఱకాళ్ల కొంగలకును ప్రసిద్ధస్థానము. 1999లో అయిదవ కాంటూరువఱకు అభయారణ్యమైనది. 2002లో రాంసారు ఒడంబడికలో చేరినది. సరస్సు నేలనెల్ల చేపలచెఱువులుగా కట్టివేయగా 2006లో ప్రభుత్వము యంత్రములతోను మందుగుండుతోను కట్టలను పగులగొట్టినది. కట్టలలో ధనికుల గుత్తచెఱువులును ఉండెను. పూర్వము ప్రభుత్వమే జాలరి సహకారసంఘముల కిచ్చి కట్టించిన చెఱువులును ఉండెను. రెండింటిని ఒక్కగాటనే కట్టిరి. ధనికుడు కొంతకాలము దూరముగానుండి తిరిగి వచ్చి కట్టుకొనగలిగెను. వడ్డిజాలరి కూలికి పోయెను. ఏండ్లు గడవకమునుపే కట్టలు మఱల లేచినవి. సరస్సు నష్టపోయినది, జాలరియు నష్టపోయినాడు.

దేశాంతరపు టుదాహరణమొకటి చెప్పుట మేలు. ఏలయన నది మన వృత్తివారికి న్యాయస్థానపు పాఠమును గలది. అమెరికా వాయవ్యదిశనున్న వాషింగ్టను రాష్ట్రమున నిస్క్వాలీ యను నదియు, ఆ పేరుగల ఆదివాసుల తెగయు గలవు. ఆ తెగ సాల్మను వేటమీద బ్రదికినది. 1854లో తెల్లదొరలతో చేసిన సంధిలో భూమి నిచ్చివేసి, తమ అలవాటుచోట్ల చేపపట్టు హక్కును మాత్రము దక్కించుకొనిరి. కాలక్రమమున రాష్ట్రమువారు ఆ హక్కును కాదని వలలు లాగికొని చెఱసాలలకు పంపిరి. బిల్లీ ఫ్రాంకు అను జాలరి పదునాలుగేండ్ల ప్రాయమున, 1945లో, మొదటిసారి పట్టువడి, తన జీవితమున ఏబదిసార్లకు పైగా చెఱకు బోయెను, 2014లో మరణించెను. 1974 ఫిబ్రవరి 12వ తేదీని బోల్టు అను న్యాయాధిపతి, సంధిమాట ప్రకారము చేపలో సగము తెగలదని తీర్పుచెప్పెను. 1979లో వారి సుప్రీముకోర్టును దానిని నిలిపెను. సగము చేప దక్కినది గాని చేపయే తగ్గుచున్నది. ఏలయన మొగలోని బురదనేలకు 1900 తరువాతి తొలిదశాబ్దమున నొక వ్యవసాయదారుడు పెద్దకట్ట కట్టి, పోటును వెలివేసి, పశువుల బీడు చేసికొనియుండెను. సాల్మను పిల్లలు సముద్రమునకు పోవుటకు ముందు మేయుచోటు పోయినది.

తెగవారు మొదట తమవంతు నేలపై కట్టలు తీసివేసిరి. పిమ్మట 2009లో ప్రభుత్వపు పక్షిరక్షితభూమిలోని కట్ట తొలగించి 762 ఎకరములకు పోటును మఱల రానిచ్చిరి. కట్టలోపలి మంచినీటి కుంటలకు అలవాటుపడిన బాతుల కొఱకు కొందఱు అభ్యంతరము చెప్పగా, కొంతభాగమును మంచినీటికే యుంచిరి. పోటువచ్చిన మఱుసటి సంవత్సరములలోనే సాల్మను పిల్లలు క్రొత్త పాయలలో కనబడినవి, పక్షులును వచ్చినవి. ఆ రాష్ట్రముననే ఎల్వా నదిమీది రెండు ఆనకట్టలను 2011 మొదలు 2014 వఱకు పూర్తిగా పడగొట్టగా, వెనుక చిక్కిన మన్ను దిగివచ్చి మొగలో క్రొత్తనేల పఱచినది. ధవళేశ్వరమును పడగొట్టుమనువాడు మనలో లేడు, ఉండగూడదు. లక్షలకొలది ఎకరముల యన్న మా కట్టపై నున్నది. ఎల్వా కట్టలు విద్యుచ్ఛక్తికి కట్టినవి. వానికి బదులుశక్తి దొరకినది. అన్నమునకు బదులేది?

అయినను పులసకు దారి లేదనుకొననక్కఱలేదు. బంగ్లాదేశమువారు ఇలిష్ పిల్లల వేటను నిషేధించి, గ్రుడ్లుపెట్టు కాలమున అక్టోబరులో 22 దినములు వేటనే మాన్పి, ఆ దినములకు జాలరి కుటుంబములకు బియ్యమిచ్చుచు వచ్చిరి. 2000 ప్రాంతమున రెండు లక్షల టన్నులుగా నున్న వారి ఇలిష్ పంట 2018నాటికి అయిదులక్షలు దాటెను. కట్ట తీయలేదు, కడుపునింపి వేట మాన్పిరి. మన తూర్పుతీరమునను సముద్రవేట 61 దినములు, ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, నిషేధము. కాని పులస మొగ దూఱునది ఆ పిమ్మటనే. గోదావరి కట్టకడ గుమికూడు పులసను గ్రుడ్లు పెట్టకమునుపే పట్టివేయుచున్నాము. చేప తగ్గినకొలది వెల పెరుగును. వెల పెరిగినకొలది వెంటాడు పడవ లెక్కువగును. ఇందు తప్పెవరిది? కొనువాడు వేలు పోయుచున్నాడు, అమ్మువాని యింట అప్పున్నది. ఒరిస్సా చేపను గోదావరి పులసయని యమ్ము వర్తకులకు మాత్రము ఈ కొఱత పండుగ.

కృష్ణను గూర్చి నేను మన సభ యెదుట నుంచదలచిన ప్రతిపాదన మిక్కిలి చిన్నది. ఏడాదిపొడుగున సముద్రమునకు నీరు వదలుడని కాదు. తొలకరి యెఱ్ఱనీటిలో కొంతభాగము, కొన్ని దినములపాటు, ప్రకాశం బ్యారేజి దాటి మొగను జేరవలెను. మొగలో నుప్పు విఱుచునది, లేతమడకు ప్రాణమిచ్చునది, సముద్రములోని చేపకు నది జాడ తెలుపునది ఆ తొలినీరే. నేడు వఱద మిక్కుటమైన యేట గేట్లన్నియు నెత్తి వదలుదురు. కఱవేట చుక్క వదలరు. మొగ రెండువిధములను చెడును. కఱవేటను కొంత, వఱదయేట క్రమముగా కొంత యను నియమము కావలెను. ఈ కోరిక తీరపువారు మాత్రమే చేసినచో మెట్టకు విరోధమగును. మెట్టజాలరియే, ఫ్లోరైడు నీరు త్రాగిన నల్లగొండవాడే, తన వంతులోనుండి అడిగినచో దానిని కాదనుట యెవరికైనను కష్టము. మన వంతు పోవునని భయపడువారితో నేను వాదింపను; వారు ఒకమాఱు హంసలదీవికి బోయి పాటువేళ నిలువబడి చూచిరావలెనని కోరుదును. అచ్చటి 194 చదరపు కిలోమీటరుల కృష్ణా అభయారణ్యమును 1989లోనే ప్రకటించిరి; నీటి వ్రాతలో మాత్రము దానికి పేరు లేదు.

మన సంఘమువారు వచ్చుయేడు యువకులను కోరింగకు పంపదలచినయెడల ఒక చిన్న సూచన. పున్నమకో అమావాస్యకో మఱునాటి దినములలో పోవుట మంచిది. పోటు పెద్దది, పాటును లోతు. వేకువనే బయలుదేఱి పాటువేళకు పడవలో నుండవలెను. పోటుమీద పోయినవారికి పచ్చని యడవియు నీరును దప్ప ఏమియు కనబడదు. పాటుపడినపిమ్మటనే చేపముల్లు కాలువలును, గట్లవెంట మేకులవలె నిలిచిన శ్వాసవేళ్లును, బురదపై పిట్టలును బయల్పడును. అప్పుడు పడవ నడపువానినే అడుగవలెను. ఏ కాలువ యెవరు త్రవ్వినారో, ఏది పూడినదో, దాని పూడిక తీయుట ఎవరి వంతో అతనికి తెలియును.